డెస్మండ్ కడుపులో ఎలుకలు

అంటార్కిటికాలో రాస్ మంచుపలక మీద డెస్మండ్ హాకెట్ కడుపంత అల్లరిది ఇంకోటి లేదు. ఆ మాట తోటివాళ్లు పుట్టించింది కాదు, ఆయనే చెప్పుకునేవాడు.

వాళ్ల పరిశోధక బృందం పని అలాంటిది మరి. మంచులో లోతుగా రంధ్రం తొలిచి, మందుగుండు దింపి పేలుస్తారు. ఆ చప్పుడు మంచునూ కింది సముద్రాన్నీ దాటి, అడుగు నేలను తాకి తిరిగొస్తుంది. కిలోమీటరు పొడవునా మంచులో గుచ్చిన జియోఫోన్లు దాన్ని వింటాయి. వాటివి మహా పాపిష్టి చెవులు. పేల్చే వేళ ఎవరు కాలు కదిపినా రికార్డు పాడవుతుంది. అలా కదిలినవాళ్లు సాయంత్రం అందరికీ మంచు కరిగించి నీళ్లు కాచాలన్నది నాయకురాలు మరామా పెట్టిన శిక్ష. ఆ వేసవంతా నీళ్లు కాచింది డెస్మండే.

"ఎవరు కదిలారు?" అని మరామా వాకీటాకీలో అడిగేది.

"నా కడుపమ్మా. ఎలుకలు పరిగెడుతున్నాయి."

"పొద్దున రెండు గిన్నెల ఓట్స్ జావ తాగారు కదా."

"అది పొద్దుటి సంగతి కదమ్మా."

చూస్తే మనిషి చీపురుపుల్ల. పేల్చే ముందు మరామా దగ్గరుండి అల్లం బిస్కెట్లు డబ్బాడు తినిపించింది. అయినా ఎలుకలు ఆగలేదు.

చివరికి ఆమెకు ఓపిక నశించింది. "మందుగుండు రెండు సార్లకే మిగిలింది. ఇక కదిలినవాళ్లు రేపటి విమానంలో ఇంటికే."

కొత్తగా వచ్చిన ఇసొబెల్ ఆ మాటకు బిగుసుకుపోయింది. ఆమె డిగ్రీ మొత్తం ఆ రికార్డుల మీదే ఉంది. జియోఫోన్ల తీగ ఒక కొసన ఊపిరి బిగబట్టి నిలబడింది. సరిగ్గా పేలే క్షణానికి చలికి కాలు కొంకర్లు పోయి, దబదబా రెండుసార్లు నేలకేసి కొట్టింది.

"నా కడుపమ్మా," అన్నాడు రెండో కొస నుంచి డెస్మండ్.

"అయితే సామాను సర్దుకోండి," అంది మరామా.

ఇసొబెల్ పరుగున రికార్డింగ్ గుడారానికి వెళ్లింది. తెర మీద డెస్మండ్ వైపు గీతలన్నీ బుద్ధిగా ఉన్నాయి. తను నిలబడ్డ చోటే గీతలు గంతులేశాయి. పాతవీ తిరగేసింది. ఒకసారి వంటవాడి దగ్గర, రెండుసార్లు తన దగ్గరే, ఒకసారైతే సాక్షాత్తూ మరామా కుర్చీ కింద. డెస్మండ్ దగ్గర ఒక్కటీ లేదు. ఆమె నేరుగా మరామా దగ్గరికి వెళ్లింది.

"కదిలింది నేను. ఆయన్ని పంపకండి, నేనే వెళ్తాను."

"తెలుసు," అంది మరామా.

"తెలిసీ ఆయన్నెందుకు పొమ్మన్నారు?"

"ఆయనా కదలడు, విమానమూ రాదు. రేపు మంచుతుఫాను. నేను కొత్తగా వచ్చిన ఏడు కూడా ఆయనకి ఇలాగే ఆకలేసింది. లేకపోతే నేనిక్కడ ఉండేదాన్నే కాదు. పో, కాళ్లు బాగా వెచ్చబెట్టుకుని రా. ఇంకొక్క పేలుడుంది."

ఆ ఒక్కటీ శుభ్రంగా వచ్చింది. సముద్రం అడుగు నేల తెర మీద గీత గీసినట్టు కనబడింది. ఇసొబెల్ వాకీటాకీ అందుకుంది.

"డెస్మండ్ గారూ, ఈపూట నీళ్లు నేను కాస్తాను. మీరు కూర్చుని కడుపునిండా తినండి."

"వద్దులేమ్మా," అన్నాడాయన. "నాకంత ఆకలిగా లేదు."