కర్ర ఇంజనీరు

ఏటి నీళ్ళతో దీపాలు వెలుగుతాయంటే జనం పగలబడి నవ్విన రోజుల్లో, ఆయన కొండ కింద మొదటి కరెంటు యంత్రాన్ని నిలబెట్టాడు. దాని ఆరోగ్యం మాత్రం ఒక మూరెడు కర్రతోనే కనిపెట్టేవాడు. ఒక కొస ఇరుసును మోసే బేరింగు మీద, రెండో కొస చెవికి. లోపలి చప్పుడు విని "నూనె తగ్గింది" అన్నాడంటే తగ్గినట్టే. కర్ర ఇంజనీరు అన్న పేరు అలా వచ్చింది.

ఇరవై ఏళ్ళ హోరు ఆ చెవుల్ని తినేసింది. చెబితే యంత్రం దగ్గరికి రానివ్వరు. అందుకని కిక్కురుమనకుండా కర్రను పళ్ళతో కరిచి పట్టుకోవడం నేర్చుకున్నాడు. అదురు దవడలోంచి తలకెక్కేది. ఈ గుట్టు భార్యకు తెలుసు, యంత్రానికి నూనె పోసే బావమరిదికి తెలుసు.

"బావా, యంత్రాన్ని కొరుక్కు తింటున్నావని పైవాళ్ళకి చెప్పేదా?" అనేవాడు బావమరిది, తన పెదాలు ఆయనకు కనబడేలా మొహంలో మొహం పెట్టి.

"చెప్పుకో. మీ అక్క వంటకంటే నయమని కూడా చెప్పు."

తర్వాత పళ్ళూ కదిలాయి. అన్నీ పీకించుకుని కట్టుడు పళ్ళు పెట్టించుకున్నాడు. వారం తిరక్కుండా కర్ర కరిచాడు. ఏ అదురూ అందలేదు. ఎంత నున్నగా తిరుగుతోందో అని మురిసిపోయాడు, పిచ్చి మారాజు. తప్పు పళ్ళదేమోనన్న అనుమానం రాకపోలేదు. పక్కకు నెట్టేశాడు.

బావమరిది బేరింగు మీద చెయ్యిపెట్టి చటుక్కున తీశాడు. "కాలిపోతోంది బావా, ఆపేద్దాం."

"పళ్ళే కొత్తవిరా, నేను పాతవాణ్ణే. నడవనీ."

గంట గడవలేదు. బేరింగు కరిగి ఇరుసును పట్టేసింది. ఇనప మూత పగిలి బావమరిది గుండెకు తగిలింది. ఆసుపత్రి దాకా కూడా ఆగలేదు ప్రాణం.

విచారణకు వచ్చిన పెద్ద ఇంజనీరు కాగితం ముందే రాసుకొచ్చాడు: నూనె పోసేవాడి నిర్లక్ష్యం. కింద సంతకం పెడితే చాలు, ఉద్యోగం, క్వార్టరు, యంత్రం ఎక్కడివక్కడే ఉంటాయి. ఆయన దాన్ని ఇంటికి తెచ్చి బల్ల మీద పెట్టాడు. భార్య చదివింది.

"మా వాడు నిజంగానే నూనె పోయలేదా అండీ?"

ఆమె పెదాలు చూసి అర్థం చేసుకున్నాడు. "పోశాడు. ఆపేద్దామన్నాడు కూడా. నేనే వద్దన్నాను."

ఆమె మొహం పక్కకు తిప్పుకుని ఏదో అంది. ఏమందో ఆయనకు అందలేదు.

మర్నాడు ఆ కాగితం చింపేసి, తన చెవుడు సంగతీ పళ్ళ సంగతీ మొత్తం రాసిచ్చాడు. నెల తిరిగేసరికి ఇద్దరూ ఒక ఇరుకు సందులో ఒంటిగది అద్దెకు తీసుకున్నారు. ఆమె పదకొండేళ్ళు వేళకు భోజనం పెట్టింది, జబ్బు చేస్తే మందు తాగించింది. ఎదురుగా నిలబడి మాత్రం ఒక్క మాట మాట్లాడలేదు. పొయ్యి దగ్గర అటు తిరిగి కూర్చుని ఏదో అంటూ ఉండేది. తిట్టేదో, తమ్ముణ్ణి తలుచుకునేదో. ఆయన ఆ వీపు వంక చూస్తూ కూర్చునేవాడు. ఇటు తిరగమని అడిగే మొహం ఆయనకు లేదు.