కోడి కాలికి పసుపు

ఆ రోజుల్లో ఎమ్మెస్సీ పాసైతే చాలు, లోకంలో నాకు తెలియనిది ఇంకేమీ మిగల్లేదనుకునేదాన్ని. నర్సీపట్నంలో ఒక ప్రైవేటు కాలేజీలో జువాలజీ మేడంగా చేరాను, అదీ ట్రయల్ మీద. సోమవారం డెమో క్లాసు బాగుంటే ఉద్యోగం, లేదంటే కోటవురట్ల బస్సెక్కి ఇంటికి (ఇంట్లో అప్పుడే వీధంతా స్వీట్లు పంచేశారు). ప్రిన్సిపాల్ గారు అదిరిపోవాలని కండరాల ప్రయోగం పెట్టుకున్నాను. కోడి రోజంతా నడుస్తుంది కాబట్టి కాలి కండ ఎర్రగా ఉంటుంది, ఆక్సిజన్‌తో నిదానంగా శక్తి తయారుచేసుకునే ఎంజైములు అందులో దండిగా ఉంటాయి. రొమ్ము కండ తెల్లన, గోడమీదికి ఒక్క ఎగురు ఎగిరి అలిసిపోయే రకం. రెంటినీ విడివిడిగా నూరి, నీలం రంగు కలిపి, గాలి తగలకుండా పైన నూనె పోస్తే, ఆ ఎంజైముల వల్ల కాలి కండ గొట్టంలో నీలం ముందుగా పోవాలి. నేనుంటున్నది మా మేనత్త ఇంట్లో కాబట్టి నాటుకోడి పని ఆవిడకే అప్పగించి, "వండకత్తా, పచ్చిదే కావాలి" అని వెంటపడి మరీ చెప్పాను.

క్లాసులో డబ్బా మూత తీసేసరికి నా ప్రాణం పోయింది. ముక్కలన్నీ పసుపు రాసుకుని పెళ్లికూతుళ్లలా ఉన్నాయి. వరండాలోకి పరిగెత్తి ఫోన్ చేశాను.

"వండొద్దన్నావు, వండలేదు. పసుపూ ఉప్పూ రాయకుండా నీసు గుమ్మం దాటిస్తానేటే?" అంది అత్త.

వేరే కోడికి టైము లేదు. ఆ ముక్కల్నే నూరి, నీలం కలిపి, పైన నూనె పోశాను. రెండు గొట్టాలూ ఆకుపచ్చగా తయారయ్యాయి. వెనక బెంచీలో కిసుక్కుమన్నారు. ప్రిన్సిపాల్ గారు కుర్చీ ముందుకు జరుపుకుని, "నీలం పోద్దన్నావు, ఈ ఆకుపచ్చేటమ్మా?" అన్నారు. "చూడండి సార్" అన్నానే గానీ ఏం చూడాలో నాకే తెలీదు. గొట్టాలకేసి చూస్తూ తెలిసిన దేవుళ్లందరికీ దణ్ణాలు పెట్టాను. రంగు ఎంతకీ కదల్లేదు. ఆయన వాచీ చూసుకుని లేవబోయారు. అప్పుడు కాలి కండ గొట్టంలో, అడుగు నుంచి, ఆకుపచ్చ మెల్లగా పలచబడింది. నీలం పోయి అత్త పసుపు ఒక్కటే మిగిలింది! పక్క గొట్టం మాత్రం ఆకుపచ్చగానే ఉంది.

"పసుపు కావాలనే వేశావా?"

"తేడా బాగా కనబడాలనండీ" అన్నాను, రెప్ప వెయ్యకుండా.

ఆయన మెచ్చుకుని ఏటా అలాగే చెయ్యమన్నారు. చేస్తున్నాను. ఆయన రిటైరయ్యారు, అత్త పోయింది. ఈ ఏడాది పసుపు లేకుండా పుస్తకంలో ఉన్నట్టే చేద్దామని, మాంసం నేనే కొని తెచ్చి డబ్బాలో సర్దాను. మూత పెట్టాక చూసుకుంటే నా చేతులు మణికట్టు దాకా పసుపు. నవ్వొచ్చింది, ఆ వెంటనే అత్త గుర్తొచ్చి కళ్లు చెమర్చాయి. తుడుచుకోవడానికి చెయ్యి ఎత్తి, ఆ పసుపు చూసి ఆగిపోయాను.