ద్వారక నుంచి నోయిడాకు ఒకే కారు

ముందే చెప్పేస్తున్నాను. ఉన్నదాన్ని ఉన్నట్టు చెప్పడం నాకు చేతకాదు. నేను వర్ణించిన చినుకులకు భయపడి సామాను మేడమీదికి ఎక్కించినవాళ్లున్నారు. అది దృష్టిలో పెట్టుకుని చదవండి.

కొన్నేళ్ల కిందటి చలికాలం. ఢిల్లీని ఆనుకుని ఉన్న నోయిడాలో ఒక ఇంగ్లీషు వార్తా ఛానల్లో నేను గెస్ట్ కోఆర్డినేటర్‌ని. అంటే రాత్రి చర్చలో అరుచుకునేవాళ్లను పగలే వెతికి, కారు పంపి, మేకప్ వేయించి, కుర్చీలో కూర్చోబెట్టే ఉద్యోగి. హోదా యాంకర్‌కు చాలా కింద, కెమెరా స్టాండుకు కొంచెం పైన. యాభై దాటగానే స్వచ్ఛంద విరమణ తీసుకునేదాకా ఇదే పని.

ఈ పనికి మొదటి నియమం, ఎదుటి పక్షాలకు వేరు వేరు కార్లు. మేకప్ గదులూ వేరు. వీలైతే టీ ఫ్లాస్కులూ వేరు. దారిలో ఖర్చయిపోయిన కోపం తెరమీదికి రాదు.

ఆ రోజు చర్చ, అప్పట్లో అందరి నోటా నానుతున్న ఒక దూరదేశపు యుద్ధం మీద. అది న్యాయమేనా, దాన్ని నడిపిన నాయకుడు వీరుడా, దోషా అన్నది విషయం. యాంకర్ మాధురి హనుమకొండ అమ్మాయి. అప్పటిదాకా పొద్దున వాతావరణం చదివేది. రాత్రి చర్చను ఆ ఒక్కరోజు పరీక్షగా ఇచ్చారు. రక్తి కడితే ఆమెదే, లేకపోతే సోమవారం నుంచి మళ్లీ వాతావరణమే.

"రావ్ అంకుల్, ఇద్దరు మంచిగ కొట్లాడుతరు గదా?" అని అడిగింది.

"బల్లలు విరుగుతాయమ్మా," అన్నాను.

యుద్ధాన్ని సమర్థించేది నిజామాబాద్ నుంచి వచ్చి ఢిల్లీ శివారు ద్వారకలో స్థిరపడ్డ రిటైర్డ్ కర్నల్. ఆయన మీసం కారులో పట్టాలంటే రెండువైపులా అద్దాలు దించాలి. వ్యతిరేకించేది తెనాలివారైన చరిత్ర ప్రొఫెసర్, ఆయనా ద్వారకలోనే. ఆయన పుస్తకాల సంచీ పెడితే కారు ఆ పక్కకు ఒరిగేది. ఆ సాయంత్రం ఎవరో విదేశీ ప్రముఖులు వచ్చారని ఢిల్లీ సగం మూసేశారు. ట్రావెల్ డెస్క్ ఒక్క కారే ఇచ్చింది. ముందు సీట్లో నేను, వెనక వాళ్లిద్దరూ, మధ్యలో సంచీ.

ధౌలా కువాన్ కూడలి దగ్గర ట్రాఫిక్‌లో ఆగిపోయాం. పక్క కారులో పెళ్లికి బయల్దేరిన వరుడు, దారి తెరుచుకునేసరికి కొడుకును ఏ బడిలో వేయాలా అని వాకబు చేస్తున్నాడు.

"ఊళ్ల మీద షెల్లులు పడుతుంటే ఏం జెయ్యమంటరు మాస్టారూ? హార్మోనియం వాయించాల్నా?" అని కర్నల్ మొదలుపెట్టారు.

"వాయించమనట్లేదండీ. పడ్డది రెండూళ్ల మీద. ఆ నాయకుడు చదును చేసింది జిల్లా మొత్తం."

"యుద్ధమంటే కొలిచి వడ్డించుడు గాదు సార్."

"కొలవనప్పుడు న్యాయమనే మాటెందుకండీ? గెలుపనండి, సరిపోతుంది."

కారు ఫ్లైఓవర్ ఎక్కింది. "మొదట్ల న్యాయమే ఉండె," అన్నారు కర్నల్. "ఆ ఊళ్లకు ముప్పు తప్పినంక ఆగాలె. ఆగలే. అప్పటికి ఆయనకు యుద్ధం ఎలక్షన్లకు పనికొచ్చె."

"మొదట్లో ఉందని నేను ఇన్నాళ్లూ బయట ఒప్పుకోలేదండీ," అన్నారు ప్రొఫెసర్. "అది ఒప్పుకుంటే మిగతాదంతా ఒప్పుకున్నట్టు రాసుకుంటారని భయం."

చర్చ కారులోనే అయిపోయేలా ఉంది. వెనక్కి తిరిగి, "మాస్టారూ, మొన్న కర్నల్ గారు ప్రొఫెసర్లంతా పిరికివాళ్లన్నారు," అని అందించాను.

"అన్న. ఈయనను అనలే," అన్నారు కర్నల్.

"సైనికాధికారులు మొద్దులని నేనూ అన్నాను లెండి," అన్నారు ప్రొఫెసర్. ఇద్దరూ నవ్వుకున్నారు. నోయిడా వచ్చేసరికి రేపటి నుంచి కలిసి వాకింగ్‌కు వెళ్దామని కూడా నిర్ణయమైపోయింది.

స్టూడియోలో మాధురి ఒక్క మాటలో చెప్పమంది, న్యాయమా, కాదా అని. మొదట్లో న్యాయం, తర్వాత కాదు అన్నారు కర్నల్. నా అభిప్రాయమూ అదే అన్నారు ప్రొఫెసర్. తెర కింద పట్టీలో మాత్రం ఒకరి పేరు పక్కన 'వీరుడు', ఇంకొకరి పేరు పక్కన 'దోషి' మెరుస్తూనే ఉన్నాయి. గొడవ పెట్టించమని కంట్రోల్ రూమ్ నుంచి ప్రొడ్యూసర్ ఆమె చెవిలో కేకలు. గంట కార్యక్రమం, చర్చ అప్పుడే అయిపోయింది.

మాధురి గాజు తలుపు అవతలున్న నావైపు ఒకసారి చూసింది. తర్వాత వాళ్లవైపు తిరిగి, ఎక్కడ ఆగాల్సిందో, ఎవరు ఆపగలిగేవారో చెప్పమంది. ఏ ఉత్తర్వును సైనికుడు కాదనవచ్చో కర్నల్ చెప్పారు. నాయకుడు ఆగకపోవడానికి చప్పట్లు కొట్టినవాళ్ల వాటా ఎంతో ప్రొఫెసర్ చెప్పారు. ఒకరు ముగించాకే ఇంకొకరు మాట్లాడారు. సౌండ్ ఇంజనీరు మైకు పాడైందేమోనని వచ్చి చూసి వెళ్లాడు. కార్యక్రమం అయ్యాక ప్రేక్షకుల ఫోన్లతో స్విచ్‌బోర్డు వేడెక్కింది. ఎడిటర్ స్వయంగా కిందికొచ్చి ఆ చర్చ ఇకమీదట మాధురిదేనన్నాడు.

నేను నేర్చుకున్నది ఇది. చూసేవాళ్లు లేని చోట, దిగిపోయే వీలు లేకుండా ఇద్దరిని కూర్చోబెడితే కొంతైనా ఒప్పుకుంటారు. ఛానల్‌కు అది సరుకు కాదు. ఆ తర్వాత ఎదుటి పక్షాలకు ఎన్నడూ ఒకే కారు పంపలేదు.

ఇక కల్పించింది ఏదో చెప్పాలి. వరుడి సంగతితో సహా దారిలో జరిగినదంతా నిజమనే వాదిస్తాను. ఫోన్లు మాత్రం రాలేదు. ఎడిటర్ కిందికి దిగలేదు. సోమవారం పొద్దున మాధురి, ఉత్తర భారతంలో పొగమంచు కొనసాగుతుందని చదివింది.