దున్న లేని సదర్

ఒక కంపెనీని కొన్న రోజే దాన్ని ఎప్పుడు అమ్మాలో ఆలోచించే వృత్తి నాది. ఇతరులు నమ్మి అప్పగించిన డబ్బుతో ఎదిగే వ్యాపారాల్లో వాటా తీసుకుంటాం. నాలుగైదేళ్లు పెంచి, మంచి ధర రాగానే అమ్మేసి బయటపడతాం. అమ్మిన ప్రతిసారీ ఆ కంపెనీ పేరు చెక్కిన గాజుదిమ్మ ఒకటి చేతికిస్తారు. నా గదిలో ఒక అల్మారా వాటితోనే నిండింది. ఆసుపత్రులు, మోటారు పంపులు, పిల్లల బట్టలు. అమ్మాక వాటిలో ఒక్కదాని గడప కూడా మళ్లీ తొక్కలేదు. అదొక గొప్ప అనుకున్నాను చాలాకాలం.

నేను పుట్టింది ఈ నగరంలోనే, కార్వాన్‌లో, బర్రెల షెడ్డు వెనక గదిలో. నాన్న పోయాక అన్నే షెడ్డు నడిపాడు, ఇంటింటికీ పాలు పోసి నన్ను చదివించాడు. మా ఇళ్లలో పాడి బర్రెలతో పాటు ఒక దున్నను కూడా పెంచుతారు. దానితో ఏ పనీ చేయించరు. దీపావళి వెళ్లాక సదర్ పండక్కి దాని ఒళ్లు గొరిగి, నూనె పట్టించి, కొమ్ములకు రంగులేసి, మెడలో గవ్వల పట్టీ కట్టి డప్పుల వెంట నడిపిస్తారు. ఆ ఒక్క సాయంత్రం కోసం ఏడాదంతా మేపుతారు. తాడు పట్టేది అన్న. వీపుకు నూనె రాసేది నేను. చేతులకంటిన ఆ వాసన ఎన్నిసార్లు కడిగినా పోయేది కాదు. బడిలో పక్కవాడు దూరం జరిగి కూర్చునేవాడు.

బాగా సంపాదించిన రోజుల్లో ఒకసారి షెడ్డుకు వెళ్లి, నాకు తెలిసిన పద్ధతిలోనే అన్నకు సలహా ఇచ్చాను. హర్యానా నుంచి వచ్చిన వ్యాపారి దున్నను అడుగుతున్నాడు, ఇచ్చేస్తే ఆ చోట పాడి బర్రెలు కట్టుకోవచ్చని.

"నువ్వు సదువుకున్నోనివి తమ్మీ. నీకెర్కే గదా," అన్నాడు అన్న.

ఆ మాటలో దెప్పు లేదు, నమ్మకమే ఉంది. అదే ఇప్పుడు గుర్తొచ్చి నిద్ర పట్టదు.

తీసుకుపోయే రోజు దున్న లారీ ఎక్కలేదు. నలుగురు నెట్టినా కదల్లేదు. చివరికి అన్న ముందు తనే లారీ ఎక్కాడు. దున్న అతని వెనకే ఎక్కింది. తర్వాత అన్న పక్కనుంచి దిగిపోయాడు. నేను కొంచెం దూరంలో ఫోన్‌లో మాట్లాడుతున్నాను.

షెడ్డు పెరిగింది. నా లెక్కేమీ తప్పలేదు. కానీ అన్న ఇంకో దున్నను తేలేదు. సదర్ రోజు డప్పులు మా వీధిలోకి వచ్చే వేళకు తలుపేసుకుంటాడని వదిన చెప్పింది. అంతకుముందు ఏటా ఫోన్ చేసేవాడు, "నూనె తెచ్చిన, వస్తున్నవా?" అని. మీటింగ్ ఉందని తప్పించుకున్నది నేనే. ఆ పిలుపు ఆగిపోయాక మాత్రం ప్రతి దీపావళికీ దాని కోసమే ఎదురుచూశాను.

మొన్న ఎండాకాలంలో వదిన ఫోన్ చేసింది. అన్న మళ్లీ ఒక దున్నపిల్ల కోసం తిరుగుతున్నాడట. ఆ రోజే కార్వాన్ వెళ్లాను. షెడ్డు ముందు అన్న, గవ్వల పట్టీలు కుట్టే మా పక్కింటి చాచా చాయ్ తాగుతున్నారు.

"అరె, సేఠ్ సాబ్ ఆయే," అన్నాడు చాచా. "కుర్చీ తుడువుండ్రి, ప్యాంటు ఖరాబైతది."

నేను గట్టు మీదే కూర్చున్నాను. దున్నపిల్లను నేను కొనిస్తానని, ఎక్కడి నుంచైనా తెప్పిస్తానని చెప్పాను.

అన్న గ్లాసు కింద పెట్టాడు. "వద్దు తమ్మీ."

"ఎందుకన్నా?"

"నువ్వు కొంటే, అమ్ముడు గూడ నువ్వే యాది జేస్తవ్."

నవ్వబోయిన చాచా ఆగిపోయాడు. కొనిస్తానంటున్నప్పుడే, అది ఎన్నేళ్లకు ఎంత ధర పలుకుతుందోనన్న ఆలోచన నా మనసులో ఓ మూల మొదలైంది.

"మరి నన్నేం చెయ్యమంటవ్?" అన్నాను.

"నీకేమొస్తది? నూనె రాసుడొస్తుండె. గది గూడ మర్శిపోయి ఉంటవ్."

"మర్శిపోలేదన్నా."

"సూద్దాం తియ్. ఐతారం పొద్దుగాల రా. గా బూట్లు గిట్ల ఏస్కోని రాకు."

దున్నపిల్లను అన్న తన డబ్బుతోనే తెచ్చాడు. ప్రతి ఆదివారం వెళ్తున్నాను. నా చెయ్యి తగలగానే అది పక్కకు జరుగుతుంది. అన్న వచ్చి మెడ నిమిరితే ఆగుతుంది. అప్పుడు రాస్తాను. పాత దున్న నా చేతికింద కళ్లు మూసుకుని నిలబడేది.

నిన్న ఆఫీసులో ఉండగా ఫోన్ మోగింది. అన్న పేరు చూసి మీటింగ్ మధ్యలోంచి లేచాను.

"నూనె ఒడిసింది. వచ్చేటప్పుడు బేగంబజార్ల తీస్కోని రా," అన్నాడు. పెట్టేశాడు.

మీటింగ్ ముగిసే వరకు ఆగకుండా బేగంబజార్ వెళ్లాను. షాపాయన ఒక డబ్బా మూత తీశాడు. వాసన చూసి ఇది కాదన్నాను. ఇంకోటి తీశాడు. అది కొంచెం దగ్గరగా ఉంది, కానీ అదీ కాదు. నేను వెతుకుతున్న వాసనలో ఎండ ఉండాలి, దున్న ఒళ్లు ఉండాలి. ఆ రెండో డబ్బానే కట్టించుకుని, ఆదివారం కోసం కారు ముందు సీట్లో పెట్టుకున్నాను.