గాలి తీసినవాడు

మా చుట్టాల్లో ఎక్కడ పెళ్లి జరిగినా నన్ను “గాలి తీసినోడు” అనే పిలుస్తారు. ఆ పేరు ఎట్లా వచ్చిందో నేను రాసిపెట్టకపోతే నా తర్వాత అదే నిజమై నిలిచిపోతుందని, మొన్న కోరుట్లలో ఒక టైర్ల దుకాణం ముందు నిలబడ్డప్పుడు అనిపించింది. సరదాగా ఇసుకలో తిరగడానికి పోతున్న కుర్రవాళ్లు పెద్ద జీపు నాలుగు టైర్లలోనూ సగం గాలి తీయమంటే, దుకాణం మనిషి మారుమాట లేకుండా తీశాడు.

నా చదువు ఏడో తరగతితో ఆగినా, కోరుట్ల గ్రంథాలయంలో బండ్ల గురించి ఉన్న పుస్తకాలన్నీ చదివినవాణ్ణి నేను. గాలి తగ్గితే టైరు వెడల్పుగా పరుచుకుని ఇసుకలో కూరుకుపోదని అక్కడే తెలుసుకున్నాను. ఆ రోజుల్లో వెల్గటూర్ దగ్గర, ఏటి ఒడ్డునున్న మేనమామ ఇంట్లో ఉంటూ ఆయన జీపు నడిపేవాణ్ణి. మా అక్కను ఆయన కొడుక్కే ఇచ్చారు. బావ అప్పుడు దుబాయిలో ఉన్నాడు.

అక్కకు నొప్పులు మొదలైన పొద్దున జగిత్యాల ఆసుపత్రికి బయలుదేరితే, అప్పటికి వంతెన లేని ఏరు దాటుతుండగా ఇసుకలో జీపు ఇరుసు దాకా దిగబడింది. నేను పుల్లతో టైరు గాలి తీయబోతే మామ చెయ్యి పట్టుకున్నాడు.

“అరేయ్, బరువున్న బండికి గాలి నింపుతరా, తీస్తరా? పగోడు తీస్తడు గాలి!”

“పుస్తకంల గట్లనే ఉన్నది మామా.”

“అయితె నీ పుస్తకాన్నే కట్టి గుంజు!” అని ఎడ్ల కోసం ఊళ్లోకి పోయాడు.

ఆయన మాట దాటలేక చాలాసేపు అట్లాగే కూర్చున్నాను. చివరికి అక్కే పళ్లు బిగించి, “నీకెర్కుంటె చెయ్యి తమ్మీ, మామతోని మాట నేను పడ్త” అంది. తీశాను. బండి కదిలి ఒడ్డెక్కింది. కానీ వెంట పంపు ఉంచుకోవాలని అదే పుస్తకంలో చదివి కూడా మరిచాను. తారురోడ్డు మీద మెత్తటి టైర్లతో మెల్లగా పోవలసి వచ్చింది. ఆడపిల్ల పుట్టింది, దక్కలేదు.

గాలి తీసినందుకే ఆలస్యమైందని మామ ఊరంతా చెప్పాడు. ఇసుకలో పోయిన పొద్దు గురించి ఎవరూ మాట్లాడలేదు. మాట పడతానన్న అక్క నోరు విప్పలేదు, నేనూ అడగలేదు. ఆమె బతకవలసింది ఆ ఇంట్లోనే.

ఇప్పుడు ఏటి మీద వంతెన ఉంది, ఆ ఇసుక ఆటస్థలమైంది. తెలియనిదాన్ని కూడా ఇప్పటి కుర్రవాళ్లు ఫోనులో చూసి ఎవరినీ అడగకుండా చేస్తున్నారు. మాకు తెలిసినదాన్ని చెయ్యడానికి కూడా పెద్దల సెలవు కావలసి వచ్చేది.

పుస్తకాలు ఇంటికిచ్చిన గ్రంథాలయం రాజేశం సారుకు, ఈ రాతలో తప్పులు దిద్దిన నా భార్య సుజాతకు కృతజ్ఞుణ్ణి. మా అక్క లక్ష్మికి కూడా. ఇదంతా చదివి వినిపిస్తే, ఒక్క ముక్క కొట్టెయ్యమనలేదు.