రోజూ ఆర్పేసిన లైటు

ఆ వీధిలో అందరూ ఆమెను ట్యాక్సీ అక్క అంటారు. తనకంటే పదేళ్లు పెద్దవాళ్లు కూడా అక్కా అనే పిలుస్తారు. మొదట్లో ఒళ్లు మండేది, ఇప్పుడు మండడానికి కూడా ఓపిక లేదు. యాభై రెండేళ్ల వయసు, పట్టేసిన నడుము, పదమూడేళ్ల కారు. వీటిలో ఏది ముందు మొరాయిస్తుందా అని చూసుకుంటూ బతుకుతోంది. కిడ్నీ రోగులను పొద్దున్నే ఆస్పత్రిలో దింపడం, రక్తశుద్ధి అయ్యాక మళ్లీ వాళ్ల ఇళ్లకు చేర్చడం ఆమె పని. వెళ్లేటప్పుడు లోకంలోని కబుర్లన్నీ చెప్పేవాళ్లు, వచ్చేటప్పుడు నోరు మెదపలేరు. ఆమె కూడా మెదపదు.

నిజానికి ఈ పని ఆమె భర్తది. ఇరవై ఎనిమిదేళ్లు బండి నడిపి, ఇంజిన్ చప్పుడు విని జబ్బేమిటో చెప్పగలిగిన మనిషి. నాలుగేళ్ల కిందట చూపు మందగించింది. స్టీరింగ్ ముట్టుకోవద్దని డాక్టరు తేల్చి చెప్పాడు. "ఇంకేముంది, నువ్వే నేర్చుకో" అంటూ తాళం చెవి ఆమె చేతిలో పెట్టాడు, అదేదో చిన్న విషయమైనట్టు. చిన్న విషయమే అయితే ఆ నెలంతా అన్నం ముందు కూర్చుని మెతుకులు కెలకడం ఎందుకు? ఆ తర్వాత కళ్లెలా ఉన్నాయని ఎప్పుడడిగినా ఆయన జవాబొకటే. "అలాగే ఉన్నాయి." ఆరు నెలలకోసారి చూపించుకోమన్న డాక్టరు దగ్గరికి వెళ్లి రెండేళ్లు దాటింది. ఆమెకు గుర్తొచ్చిన రోజున తీరిక ఉండేది కాదు, తీరిక దొరికిన రోజున గుర్తొచ్చేది కాదు.

తొలి ఏడాది ఒకసారి, వెనక సీట్లో ఇద్దరు రోగులు ఉండగా, వంతెన మీద డాష్‌బోర్డులో నారింజ రంగు ఇంజిన్ బొమ్మ వెలిగింది. బండి పక్కకు ఆపి ఏడ్చేసింది. ఆ సాయంత్రం భర్త బండి జబ్బును అంకెల్లో చూపే, అరచేతిలో పట్టే స్కానర్ ఒకటి కొనుక్కొచ్చి, స్టీరింగ్ కింద ఉన్న సాకెట్‌లో గుచ్చి, సంగతేమిటో చూసి, పెట్రోలు ట్యాంకు మూత మార్పించి లైటు ఆర్పేశాడు. అప్పట్నుంచి బండి నడుస్తుండగా ఆ లైటు ఆమెకు మళ్లీ కనపడలేదు. ఆయన తెల్లారకముందే లేచి కారు కడిగి, ఇంజిన్ కాసేపు నడిపి, వేడెక్కించి ఉంచేవాడు. ఆమె టీ తాగి వచ్చి కూర్చోవడమే. "ముసలిదైనా బుద్ధిమంతురాలు" అని కారును ఊరంతా పొగిడేది.

ఆ పొగడ్తంతా తనిఖీ కేంద్రంలో దిగిపోయింది. ఏటేటా అక్కడ బండి పాసైతేనే ట్యాక్సీ పర్మిట్ ఇంకో ఏడాది సాగుతుంది. పర్మిట్ లేకపోతే ఆస్పత్రి పని లేదు, ఆ పని లేకపోతే ఇల్లు గడవదు. తనిఖీ అధికారి తన యంత్రం తీగ గుచ్చి, తెర వంక చూసి మొహం చిట్లించాడు.

"అమ్మా, పొద్దున్నే దీన్ని ఎవరు చెరిపారు?"

"ఏం చెరపడం సార్?"

"లైటు ఆర్పారు కదా. దాంతోపాటు బండి తనను తాను పరీక్షించుకుని దాచుకున్న ఫలితాలన్నీ పోయాయి. చెరిపాక తిరిగింది పదకొండు కిలోమీటర్లే. ఖాళీ పలక తెచ్చి దిద్దమంటే నేనేం దిద్దను?"

"నేను ముట్టుకోలేదు సార్. మా బండిలో అసలా లైటే రాదు."

"రాని లైటును ఎవరైనా ఆర్పుతారా తల్లీ?" అన్నాడాయన, కోపంగా కాదు, ఇలాంటివి రోజూ వినే మనిషిలా. "జబ్బేదో చూసి బాగు చేయించండి. తర్వాత ఏమీ చెరపకుండా రెండు రోజులు బాగా తిప్పి తీసుకురండి. మీ గడువు వచ్చే శనివారం దాకానే."

పదకొండు కిలోమీటర్లు అంటే ఇంటి నుంచి అక్కడికి ఉన్న దూరం. అంటే చెరిపింది ఇంటి దగ్గరే. ఆమె బండిని నేరుగా ఇంటికి తిప్పింది.

భర్త గుమ్మం ముందు మెట్ల మీద కూర్చుని, కారు తుడిచే గుడ్డ మడత పెడుతున్నాడు.

"ఎన్నాళ్లుగా ఆర్పుతున్నారు?"

ఏమిటని ఆయన అడగలేదు. "ఏడాదిన్నర. మొదట్లో ఎప్పుడైనా. ఈమధ్య రోజూ."

"నా నోట్లో మట్టి కొట్టారు కదండీ! శనివారం దాటితే బండి అమ్ముకోవాల్సిందే!"

"వంతెన మీద ఏడ్చావు కదే. మళ్లీ నిన్ను అలా ఏడిపించకూడదనుకున్నా."

"జబ్బేమిటో చూశారా మరి?"

"చల్లగా ఉన్నప్పుడు వణుకుతుంది, వేడెక్కాక సర్దుకుంటుంది, ముసలితనం అనుకున్నా. అంకెలు ఎక్కడ కనపడతాయి నాకు? నారింజ చుక్క ఒక్కటే కనపడుతుంది. కుడివైపు మీట రెండుసార్లు నొక్కితే ఆరిపోతుంది."

అరవాలనుకున్న మాటలు ఇంకా చాలా ఉన్నాయి. ఓపిక చాలక గడప మీదే కూలబడింది. తర్వాత లేచి, స్కానర్ తీసి బీరువాలో పెట్టి తాళం వేసింది. బండి దగ్గరికి రావద్దని చెప్పింది.

మర్నాడు పొద్దున్న చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేస్తే కారు చలిజ్వరం వచ్చినట్టు వణికింది. రెండో పొద్దున లైటు వెలిగింది. ఈసారి ఆమె ఏడవలేదు. స్కానర్ తెచ్చి గుచ్చి, అంకె చదివింది. "చివర మూడు సున్నా మూడు అని ఉందండీ."

ఆయన లోపలి నుంచి దాదాపు పరుగెత్తుకొచ్చాడు. "మూడో సిలిండరు! అందులో నిప్పు సరిగ్గా పడట్లేదు." బానెట్ ఎత్తించి, వేళ్లతో తడుముతూ లెక్కపెట్టి, మూడో సిలిండరు మీది, నిప్పురవ్వ పుట్టించే కాయిల్‌ను రెండోదాని మీదికి, రెండోదాన్ని మూడోదాని మీదికి మార్చాడు. మర్నాటికి అంకె మూడు సున్నా రెండు అయింది. "చూశావా, జబ్బు కాయిల్‌తో పాటే వెళ్లింది!" అని చిన్నపిల్లాడిలా చేతులు తట్టాడు. నాలుగేళ్లలో ఆయన మొహం అంతగా వెలగడం ఆమె చూడలేదు. ఎంత కోపమున్నా నవ్వొచ్చింది. కొత్త కాయిల్ వేసి, ఆఖరిసారి ఆమే చెరిపి, రెండు రోజులు ఊరి లోపలా బయటా తిప్పింది. నడుము విరిగిపోయింది కానీ లైటు రాలేదు.

శనివారం తెల్లారుతుండగా ఆయన కూడా తయారై వచ్చి పక్క సీట్లో కూర్చున్నాడు. ఆమె తాళం సగం తిప్పింది. స్టార్ట్ చేసేముందు ఎప్పుడూ వెలిగినట్టే డాష్‌బోర్డు మీద దీపాలన్నీ వెలిగాయి, నారింజ బొమ్మతో సహా. ఆయన ముందుకు వంగి, ముక్కు తగిలేంత దగ్గరగా దానివంకే చూస్తున్నాడు.

"వెలిగిందా?" అన్నాడు.

వేళాకోళమనుకుంది. ఆ వెలుతురు ఆయన చెంప మీద పడుతోంది.

"చెప్పవే, వెలిగిందా లేదా?"

ఆమె ఆయన వైపు తిరిగింది. "ఏవండీ, ఇది కూడా కనపడట్లేదా?"

ఆయన వెనక్కి వాలాడు. "ఏడెనిమిది నెలలైంది. వెలిగిందో లేదో తెలిసేది కాదు. అందుకే రోజూ నొక్కేవాణ్ణి."

చీకట్లో లేచి, కనపడని లైటును రోజూ ఆర్పుతూ వచ్చాడు పిచ్చి మనిషి. తాను పక్కనే పడుకుని, పక్కనే తింటూ, ఈ సంగతి గమనించనే లేదు. ఆమె తాళం పూర్తిగా తిప్పి ఇంజిన్ స్టార్ట్ చేసింది.

"వెలిగింది. ఇప్పుడు ఆరిపోయింది."

"నిజంగా?"

"నేను చూస్తున్నాను కదండీ."

తనిఖీ కేంద్రంలో పావుగంట కూడా పట్టలేదు. అధికారి తెర చూసి, తలూపి, పర్మిట్ మీద ముద్ర వేసి ఇచ్చాడు. గేటు దాటాక ఆమె బండిని కుడివైపు తిప్పింది.

"ఎడమకి కదా ఇల్లు?" అన్నాడాయన వెంటనే.

"ఇంటికి కాదు. కళ్ల డాక్టరు దగ్గరికి."

ఆయన సీటు బెల్టును గట్టిగా పట్టుకున్నాడు. "వచ్చే సిగ్నల్ దగ్గర గొయ్యి ఉంటుంది, చూసుకో" అన్నాడు.