అక్క టైపు చేసిన ఆరు పేజీలు

పదో తరగతి అయ్యాక మహబూబాబాద్‌లో కంప్యూటర్ నేర్చుకున్నాను. తెలంగాణ ఉద్యమం నడుస్తున్న రోజులవి. ఒక్కో కంప్యూటర్ ముందు ఇద్దరం కూర్చునేవాళ్లం. నా జోడీ గూడూరు నుంచి వచ్చే ఒక అక్క. సర్టిఫికెట్ కోసం ఆమె పొద్దుటి నుంచి ఆరు పేజీలు టైపు చేసింది. సాయంత్రంలోగా సార్‌కు చూపించాలి. మర్నాడు బంద్ కాబట్టి, ఆఖరి బస్సు ఎప్పుడో కనుక్కోవడానికి ఆమె బయటికి వెళ్లింది.

పాటలు వెతుకుదామని నేను ఆ ఫైలు మూశాను. తెర మీద ఇంగ్లీషులో ఏదో ప్రశ్న వచ్చింది. అర్థం కాలేదు. అవునంటే ఏ గొడవ మీద పడుతుందోనని కాదని నొక్కాను. పేజీలు మాయమయ్యాయి.

ఆమె వచ్చి, "ఏమైంది తమ్మీ?" అంది.

"నువ్వు లేచేటప్పుడు కాలు తగిలి ప్లగ్గు ఊడిందక్కా. నేనే మళ్ల పెట్టిన."

"కింద సూసుకోవా అమ్మా?" అని సార్ ఆమెనే తిట్టాడు.

"నా కాలుకు గింత బలమున్నదా సార్," అని ఆమె నవ్వబోయి, బస్సుకు వెళ్లిపోయింది. ఆమెకు సర్టిఫికెట్ రాలేదు.

ఆమె కాలు దేనికీ తగలలేదు. ఆ ప్రశ్న, టైపు చేసింది దాచి ఉంచాలా అని అడిగిందని నెలలోపే తెలిసింది. అప్పుడైనా సార్‌కు ఎందుకు చెప్పలేదో నాకింకా తెలియడం లేదు.